ఫోన్లో నా పేరు టైలరక్క

ఉద్యోగ విరమణ రోజున శాలువా కప్పారు, ఫోటోలు తీశారు, వేడి వేడి ఉప్మా పెట్టారు. ఆ రోజు నేను చేసిన అసలు పని మాత్రం ఒక్కటే. టేబుల్ సొరుగులోంచి మా కౌన్సెలింగ్ కేంద్రం పాత ఫోను తీసి సుప్రజ చేతిలో పెట్టాను. సుప్రజ నా స్థానంలో కొత్తగా చేరిన అమ్మాయి.

"ఫోన్ ఎత్తంగనే మన పేరు చెప్పకు. ముందు ఎవరు మాట్లాడుతున్నరో అడుగు. గీ ఒక్కటి పట్టుకో, మిగిలినవి నువ్వే నేర్చుకుంటవు" అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. శిక్షణలో దీనికి సరిగ్గా ఉల్టా నేర్పి పంపారు కదా. ఫోన్ ఎత్తగానే సంస్థ పేరు, తర్వాత తన పేరు, ఆ తర్వాత తన హోదా. మనమెవరో అవతలి మనిషికి తెలియాలన్నది నియమం, మంచి నియమం కూడా. అయితే ఆ అవతలి మనిషి మన మనిషేనా కాదా అని తేల్చుకోవడం దానికంటే ముందు జరగాలి. ఆ ముందువెనకలు తప్పి, నేనొక మనిషిని పోగొట్టుకున్నంత పని చేశాను. మా పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఆ సంగతి రాస్తున్నాను.

ఎక్కడున్నావు, పక్కన ఎవరున్నారు

నేను మొదట నగరంలో మానసిక వైద్య వార్డులో నర్సును. తర్వాత కౌన్సెలింగ్ చదువుకుని సంగారెడ్డిలో ఒక చిన్న కేంద్రంలో చేరాను. అక్కడ మా పెద్ద డాక్టర్ వసుంధర గారు. కరోనా రోజుల్లో ఫోన్ మీద మొదలైన పని కరోనా పోయాక కూడా ఫోన్ మీదే నిలిచిపోయింది. పటాన్‌చెరు చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో మూడు షిఫ్టుల మనుషులు. మనసు బాగాలేదని సెలవడిగితే సూపర్‌వైజరు నవ్వుతాడు. పోనీ సెలవు దొరికి వచ్చినా, మా గది ముందు బెంచీ మీద కూర్చుంటే ఊరివాళ్లు ఎవరో ఒకరు చూస్తారు. ఫోనైతే ఎవరూ చూడరని వాళ్ల నమ్మకం.

చూడరు నిజమే, వింటారు. మా దగ్గర ఫోనంటే స్పీకరు పెట్టి మాట్లాడేదే. ఒకసారి ఒకతన్ని "పక్కన ఎవరన్నా ఉన్నరా?" అని అడిగాను. "ఎవ్వరు లేరు మేడం" అన్నాడు. వెంటనే వెనక నుంచి ఇంకో రెండు గొంతులు "లేరు మేడం, లేరు" అన్నాయి. ఒకే గదిలో కిరాయికుండే ముగ్గురు. ఆ రోజు నవ్వాను కానీ, అతను అసలు విషయం నోరు విప్పడానికి ఇంకో నెల పట్టింది. స్పీకరు తీయించడం కూడా వైద్యంలో భాగమేనని అప్పుడు అర్థమైంది.

ఎక్కడున్నావన్న ప్రశ్న కూడా ప్రతిసారీ అడగాలి, పోయినవారమే అడిగినా సరే. ఈ బెల్టులో మనుషులు కంపెనీ మారితే గది మారతారు. రిజిస్టరులో అడ్రసు పాతదే ఉంటుంది. మాట్లాడుతుండగా ప్రాణం మీదికి వస్తే సాయం పంపేది ఆ పాత గదికా? అందుకే ఇప్పుడు ఎక్కడున్నావు, పక్కన ఎవరున్నారు, ఫోన్ కట్టయితే నేను ఎవరికి చేయాలి, ఈ మూడూ అడిగాకే నేను మాట మొదలుపెట్టేదాన్ని. పోలీసు ప్రశ్నల్లా ఉన్నాయని కొందరు విసుక్కున్నారు. విసుక్కుంటే విసుక్కోనీ.

మిఠాయి డబ్బాతో వచ్చిన సారు

వసుంధర గారు మాట పొదుపు మనిషి. పొగిడినట్టు నాకు గుర్తులేదు. కానీ ఆమె దగ్గర చేయడం నా అదృష్టం. తమ వర్కర్లు మాకు ఫోన్ చేసుకునేలా ఒక కంపెనీ మాతో ఒప్పందం పెట్టుకుంది. కొన్నాళ్లకు ఆ కంపెనీ హెచ్ఆర్ సారు మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చాడు. ఎవరెవరు ఫోన్ చేస్తున్నారో లిస్టు ఇస్తే తామూ హెల్ప్ చేస్తామన్నాడు.

"మీ హెల్ప్ ఎట్లుంటుందో వాళ్లకు తెలుసు. అందుకే మాకు చేస్తున్నారు" అన్నారు డాక్టరు గారు. ఆ తర్వాత మెత్తగానే చెప్పారు. పేషెంట్ ఒప్పుకోకుండా పేరు కాదు కదా, ఆ పేరుగల మనిషి మాకు ఫోన్ చేశాడో లేదో కూడా చెప్పకూడదని చట్టం అంటోందని. సారు వెళ్లిపోయాడు. మరుసటి ఏడు ఒప్పందం కూడా వెళ్లిపోయింది. డాక్టరు గారు ఆ మిఠాయి ముక్క నోట్లో వేసుకోలేదు, నేను మాత్రం రెండు తిన్నాను.

ఇంత గట్టి మనిషి దగ్గర పనిచేసి కూడా నేను తప్పు చేశాను.

అనసూయ

ఆమె పేరు అనసూయ కాదు. ఇక్కడ అలా పిలుస్తాను. సొంతూరు జోగిపేట దగ్గర పల్లె. భర్త మల్లేశం ఒక గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు, అది కూడా అసలు పేరు కాదు. ఇద్దరూ కిష్టారెడ్డిపేటలో ఒక అపార్టుమెంటు పై అంతస్తులో కిరాయికి ఉండేవారు. అనసూయ మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్. ఎనిమిదో నెలలో కడుపులోనే బిడ్డ పోయింది. ఇరవై రోజులకే మళ్లీ డ్యూటీకి ఎక్కింది. ఆ తర్వాత కంపెనీ బస్సులో చివరి సీట్లో కూర్చుని ఏడవడం మొదలై, ఆగలేదు.

మొదటి షిఫ్టు బస్సు మూడింటికి ఆమెను దింపేది. మల్లేశం నాలుగింటికి వచ్చేవాడు. మధ్యలో ఆ గంటే మాది. డాబా మీద, నీళ్ల ట్యాంకు పక్కన, ఆరేసిన బట్టల మధ్య కూర్చుని మాట్లాడేది.

"ఇంట్ల చెప్పినవా?" అని అడిగాను ఒకసారి.

"ఎట్ల చెప్తనక్కా? నేను మంచిగుంటెనే ఆయన ఇంత అన్నం తింటడు. నేను ఏడిస్తె ఆయన గూడ ఏడుస్తడు. ఇద్దరం ఏడిస్తె వంట ఎవరు చెయ్యాలె?"

ఒకరోజు ఉన్నట్టుండి అంది. "ట్యాంకు కాడ నిలబడితె కిందికే సూడబుద్ధి అయితదక్కా." ఇలాంటి మాట వింటే చాలామంది కొత్తవాళ్లు బిగుసుకుపోయి వేరే మాటలోకి జారిపోతారు. జారకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేను సూటిగానే అడిగాను. అడిగితే ఆలోచన పుట్టదు, ఉన్న ఆలోచన బయటికొస్తుంది. "అనిపిస్తది. గట్లంటె పోలీసు కేసు అయితదా?" అని భయపడింది. అట్లాంటిదేమీ ఉండదని చెప్పాను. అప్పటి నుంచి ట్యాంకు దగ్గర కాక, మెట్ల మీద కూర్చుని మాట్లాడాలని ఒప్పందం. కష్టం మీదికొస్తే ఎవరికి చెప్పమంటావంటే, వెలిమెలలో ఉండే వదిన నంబరు ఇచ్చింది. "గని పానం మీదికొస్తెనే. ఊరికె చెప్పద్దు" అంది. ఆ మాటను అలాగే రాసుకున్నాను.

మందుల కోసం ఒక వీక్లీ ఆఫ్ రోజున సంగారెడ్డి వచ్చి డాక్టరు గారికి చూపించుకుంది. మనిషిని చూడకుండా రాయగలిగిన మందులు కొన్నే ఉంటాయి, డాక్టరు గారు ఆ కొన్నింటి విషయంలోనూ పిసినారి. చీటీ చేతికిస్తే అనసూయ నవ్వింది. "పొద్దంత గోలీలు ప్యాక్ చేసుడే. ఇంటికొచ్చి మళ్ల గోలీలేనా?" ఆమె నవ్వు నేను మొదటిసారి చూసింది అప్పుడే.

జాకెట్లు అయినయ్

తన ఫోన్లో మా నంబరును టైలరక్క అని పెట్టుకున్నానని ఆ రోజే చూపించింది. వాళ్లింట్లో ఒకరి ఫోన్ ఒకరు ఎత్తడం మామూలు. టైలరక్కతో అరగంట మాట్లాడితే ఏ మగాడూ ఏమని అడగడు. మెడ ఎంత, చెయ్యి ఎంత, లైనింగు వేయాలా వద్దా, ఆడవాళ్ల ముచ్చట్లు అనుకుని పక్కకు పోతాడు. ఈ ఉపాయం ఆమె ఒక్కదానిదే కాదు. ఎందరి ఫోన్లలోనో నేను టైలరునని తర్వాత తెలిసింది. సూదిలో దారం ఎక్కించడానికి కూడా కళ్లద్దాలు కావాల్సిన దాన్ని, ఎన్ని జాకెట్లు కుట్టానో లెక్కలేదు.

నాకు ఆ ఆట నచ్చింది. అంతటితో ఆగక నేనూ ఆడాను. అపాయింట్‌మెంటు గుర్తు చేయడానికి ఆమెకు మెసేజి పెట్టేదాన్ని. "జాకెట్లు అయినయ్. రేపు మూడింటికి ఫోన్ చెయ్." ఇది తెలిసి వసుంధర గారు మొహం చిట్లించారు.

"సరోజా, ఆమె తన ఫోన్లో మనకు ఏ పేరు పెట్టుకున్నా ఆమె ఇష్టం. కానీ ఆ వేషం మనం వేయకూడదు. మనం రాసిన మాట అబద్ధం కాకూడదు" అన్నారు.

చాదస్తం అనుకున్నాను. ఊళ్లోవాళ్ల బతుకు ఈమెకేం తెలుసు అని కూడా అనుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంది.

నేను చేసిన తప్పు

జోగిపేటలో చుట్టాల పెళ్లి. అనసూయ కొన్ని నెలలుగా ఏ ఫంక్షనుకూ కదలడం లేదు. ఈ పెళ్లికి ఎలాగైనా తీసుకుపోవాలని మల్లేశం ఆశ. ఆమె ఫోన్లో నేను పోయినవారం పెట్టిన మెసేజి చూశాడు. జాకెట్లు కుట్టించుకుంటోందంటే పెళ్లికి రావాలనే ఉంది అనుకుని పాపం సంబరపడ్డాడు. తనే పోయి తెచ్చి ఆమె ముందు పెడదామని, నంబరు రాసుకుని, గురువారం మధ్యాహ్నం తన ఫోన్ నుంచి చేశాడు.

తెలియని నంబరు. నేను శిక్షణ ప్రకారం గొంతు సవరించుకున్నాను. "నమస్కారం. మానసిక ఆరోగ్య సలహా కేంద్రం. చెప్పండి."

అవతల ఒక మగ గొంతు.

"గిది టైలర్ షాపు కాదా?"

"మీరెవరు మాట్లాడుతున్నరు?" అన్నాను. అడగాల్సిన ప్రశ్నే, ఒక్క వాక్యం ఆలస్యంగా.

"జాకెట్లు అయినయని మెసేజి పెట్టిన్రు గద. మా ఇంటామెకు. ఆమెకు ఏమైంది మేడం?"

"ఎవరి సంగతి కూడ నేను ఫోన్ల చెప్పలేనన్నా. మా దగ్గరికి ఎవరు చేస్తరు, ఎవరు చెయ్యరు అనేది గూడ చెప్పలేను."

ఆ మాట నియమం ప్రకారం సరైనదే. కానీ మెసేజి నాది, దాన్ని ఆయన చదివాడు. ఫోన్ పెట్టేశాడు. మొదట నేను అబద్ధం రాశాను, ఆ తర్వాత అడగని మనిషికి నిజం చెప్పాను. రెండూ తప్పే, రెండూ నావే.

వెంటనే అనసూయకు చేయాల్సింది. డ్యూటీలో ఫోన్ గేటు దగ్గర పెట్టేస్తారు కాబట్టి ఎత్తదు అనుకుని ఊరుకున్నాను. డాక్టరు గారికి చెప్పాల్సింది. అదీ చెప్పలేదు, ఆమె అన్నంత పనీ అయిందే అన్న సిగ్గుతో. ఆ ఒక్క రోజు ఆలస్యానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. పిల్లలూ, మన పనిలో తప్పు చేయడం కంటే దాన్ని ఒక పూట దాచడం ప్రమాదం.

వదిన

శుక్రవారం మూడింటికి ఫోన్ రాలేదు. మూడుంబావుకు నేనే చేశాను. స్విచాఫ్. ట్యాంకు కాడ కిందికే సూడబుద్ధి అయితది అన్న మాట చెవిలో మోగుతూనే ఉంది. లేచి డాక్టరు గారి గదిలోకి వెళ్లి, మెసేజి నుంచి మొత్తం చెప్పేశాను. తిడతారనుకున్నాను.

"తర్వాత మాట్లాడుకుందాం. ఇప్పుడు ఆమె ఎక్కడుందో తెలియాలి" అన్నారు.

నేనే ఆటో మాట్లాడుకుని పోతానన్నాను. వద్దన్నారు. "నువ్వు పోతే అపార్టుమెంటంతా నువ్వెవరని అడుగుతుంది. వదిన పోతే ఇంటికి చుట్టం వచ్చినట్టు. వదిన పేరు ఆమే ఇచ్చింది. ప్రాణానికి ముప్పు అనుకున్నప్పుడు చెప్పే వీలు చట్టంలోనూ ఉంది. అయితే కాపాడటానికి ఎంత అవసరమో అంతే. బిడ్డ సంగతి, మందుల సంగతి, మల్లేశం ఫోన్ సంగతి, ఏదీ వద్దు."

వదినకు ఫోన్ చేసి, ఆమేనా కాదా అని రెండుసార్లు అడిగి, పక్కన ఎవరూ లేరని చెప్పాకే విషయం చెప్పాను. "అనసూయ గురించి నాకు పరేషాన్‌గ ఉంది. ఫోన్ కలుస్తలేదు. మీరు జల్దీ పోయి, ఆమె దగ్గర కూసోని నాకు ఫోన్ చేయించాలె. ఆమెను ఒక్కదాన్నే ఇడిసిపెట్టద్దు." ఆ తల్లి ఎందుకు, ఏమిటి అని ఒక్క ప్రశ్న వేయలేదు. "పోతున్న" అంది, అంతే. డాబా మీదికి ముందు పొమ్మని మాత్రం చెప్పాను.

ముప్పావుగంట. నేను టీ గ్లాసు కడిగాను, తుడిచాను, మళ్లీ కడిగాను. డాక్టరు గారు మిగిలిన పేషెంట్లను చూస్తూనే ప్రతి ఒక్కరి తర్వాత తలుపు తీసి నా మొహం చూసి వెళ్లారు.

ఫోన్ మోగింది. వదిన నంబరు, అనసూయ గొంతు.

"మీరు ఎవ్వరికి చెప్పనన్నరు గద మేడం."

బతికే ఉంది. ముందు ఆ సంతోషానికి కళ్లు నిండాయి. తర్వాత, ఇన్నాళ్లూ అక్కా అన్న మనిషి మేడం అందని గమనించాను.

సాకు లేని మాట

క్షమాపణ ఎలా చెప్పాలో వసుంధర గారు ముందే చెప్పి ఉంచారు. "కానీ" అన్న మాట రాకూడదన్నారు. "తప్పు నాదే అనసూయా. గా మెసేజి పెట్టుడు తప్పు. ఎవరో అడగకుంట మాట్లాడుడు తప్పు. నువ్వు నమ్మి చెప్పినవు, నేను నిలుపుకోలే" అన్నాను. అవతల ఏడుపు. ఇవతల కూడా.

కాసేపటికి సంగతులు చెప్పింది. మల్లేశం ఇంటికొచ్చి అరవలేదట. ఆ నంబరు ఎక్కడిది, ఎందుకు అని అడిగాడట. చెప్పిందట. "గప్పటిసంది మూలకు కూసున్నడు. ఒక్క మాట లేదు. ఈ పొద్దు డ్యూటీకి గూడ పోలే. నాకు మీ మీద కోపమొచ్చింది. సిమ్ము తీసి బియ్యం డబ్బల ఏసిన." డాబా ఎక్కావా అని అడిగాను. "ఎక్కిన. మెట్ల మీదనే కూసున్న. మీకు మాటిచ్చిన గద" అంది. మాట నిలుపుకున్నది ఆమె. ఆ వాక్యం నేను చచ్చేదాకా మర్చిపోను.

నా మీద ఫిర్యాదు చేయొచ్చని, ఎలా చేయాలో, నాకు బదులు ఇంకొకరితో మాట్లాడొచ్చని కూడా చెప్పాను. జరిగినదంతా ఆ సాయంత్రమే రాసి డాక్టరు గారికి ఇచ్చాను. రెండు రోజుల తర్వాత అనసూయ ఫోన్ చేసింది.

"కొత్తామెకు మొదటి నుంచి మళ్ల ఎవరు చెప్తరు? మీరే ఉండుండ్రి. గని జాకెట్ల మెసేజులు పంపకుండ్రి."

ఆ తర్వాత మెసేజిలో టైము తప్ప ఇంకో ముక్క రాయలేదు. "రేపు 3." అంతే.

కొన్ని వారాలకు భర్తతో కలిసి మాట్లాడతానంది. ముందు ఆయనను కిందికి పంపించి, ఇది నీ ఇష్టమేనా, ఆయన బలవంతమా అని ఆమెను విడిగా అడిగాకే ఒప్పుకున్నాను. ఆ రోజు మల్లేశం ఎక్కువ మాట్లాడలేదు. బిడ్డ కోసం కొన్న టోపీ గోదాములో తన లాకర్లోనే ఉందని మాత్రం చెప్పాడు. అనసూయకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. చివర్లో అడిగాడు.

"మేడం, మగోళ్లు గూడ మాట్లాడొచ్చా మీతోని?"

"ఎందుకు మాట్లాడద్దు?" అనేసి, తర్వాతి ఫోను టైమైందని పెట్టేశాను. పెట్టేశాక తట్టింది. ఆయన అడిగింది ఊరికే కాదు, తన కోసమే. అది నా రెండో పెద్ద తప్పు. వచ్చేసారి అడుగుదామనుకున్నాను. ఆయన మళ్లీ లైనులోకి రాలేదు. ఆయనకు ఆయనగా చేయకుండా నేను చేయకూడదు. అనసూయ తేరుకుంది. మందులు తగ్గాయి, ఆగాయి. మళ్లీ అక్కా అనడం మొదలుపెట్టింది. నేను రిటైరయ్యాను. లాకర్లో టోపీ దాచుకున్న ఆ మనిషి మాత్రం నా మనసులో అలాగే ఉండిపోయాడు.

రాయొచ్చా అని అడిగితే

ఇది రాయాలంటే వాళ్లు ఒప్పుకోవాలి. రిటైరయ్యాక నేను నేరుగా ఫోన్ చేయకూడదు కాబట్టి సుప్రజ ద్వారా అడిగించాను. నాతో మాట్లాడతానని అనసూయే ఫోన్ చేసింది.

"రాయుండ్రక్కా. పేరు మార్చుండ్రి, కంపెనీ పేరు వద్దు. మీ తప్పు మాత్రం దాయకుండ్రి" అని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "ఒక ముచ్చట చెప్పాలె. మొన్న ఆయన ఫోన్ల కేంద్రం నంబరు సూసిన. టైలరక్క అనే పెట్టుకుండు."



"మరి ఏమడిగినవు?"

"ఏమడుగుత? సూడనట్టే పెట్టిన. చెప్పాలనిపిస్తె ఆయనే చెప్తడు. మీరు గిది ఇప్పుడే రాయకుండ్రి. ఆయన చెప్పినంక రాయుండ్రి."

ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను తడబడ్డ చోట ఆమె తడబడలేదు. సుప్రజను కూడా నేనేమీ అడగలేదు, అడిగితే ఆ పిల్ల చెప్పకూడదు. కాగితాలు అలమారలో పెట్టేశాను. ఆరు నెలలు అక్కడే ఉన్నాయి.

మొన్న ఆదివారం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఎవరు మాట్లాడుతున్నారని అడిగాను.

"మల్లేశంను మేడం. మీరు గదేదో రాస్తున్నరు గద, అనసూయ చెప్పింది. నా ముచ్చట గూడ రాయుండ్రి. ఇంట్ల చెప్పిన."

నా అలవాటు ఎక్కడికి పోతుంది? "ఇప్పుడు ఎక్కడున్నవు? పక్కన ఎవరన్నా ఉన్నరా?" అన్నాను.

"డాబా మీద, ట్యాంకు కాడ" అన్నాడు. "మా ఇంటామె ఉంది పక్కన. మబ్బు పట్టింది, ఇద్దరం బట్టలు తీస్తున్నం."